యాభై అయిదు టోపీ చిప్పలు

మా వదినకి కోపం రాదు. ఆ లోటు నేను తీరుస్తుంటాను. పెళ్ళయి మా ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆవిడ గొంతు పెరగడం నేను వినలేదు, నా గొంతు తగ్గడం ఆవిడ వినలేదు. మా అన్నయ్య ఇద్దరి మధ్యా కూర్చుని పేపరు చదువుకునేవాడు.

ఆవిడ ముప్ఫై ఒక్కేళ్ళు మ్యూజియంలో చిప్పల గదిలో పనిచేసింది. నేను అక్కడే టికెట్ల కిటికీలో కూర్చుంటాను. సాయంత్రం అయిదింటికి మూసే గంట కొట్టేది కూడా నేనే. అందుకని నన్ను ‘గంటా’ అని పిలుస్తుంది. గంట కొట్టే ఉద్యోగం రాకముందే ఆ పేరు పెట్టిందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పదు.

చిప్పల గది మెట్ల కింద ఉంటుంది. కిటికీ ఒకటే, అదీ సైకిళ్ళు పెట్టుకునే షెడ్డు వైపు. వరసగా బీరువాలు, బీరువా నిండా సన్నటి సొరుగులు, సొరుగు నిండా అట్ట ట్రేలు. ప్రతి ట్రేలో కొన్ని చిప్పలు, వాటితో పాటు ఒక చీటీ. ఎక్కడ దొరికాయి, ఎవరు ఏరారు, ఎన్ని, ఏ రోజు. చిప్ప పగిలినా పరవాలేదట, చీటీ పోతే మాత్రం ఆ చిప్ప దారిన పోయే పెంకుతో సమానమట. అందుకని వదినకి ఒక నియమం ఉండేది. బల్ల మీద ఎప్పుడూ ఒకే ట్రే. అది కడిగి, ఆరబెట్టి, లెక్కపెట్టి, సొరుగులోకి పంపాకే రెండోది. కొత్తగా చేరిన వాళ్ళెవరైనా రెండు ట్రేలు తెరిస్తే ఏమీ అనేది కాదు, పక్కన నిలబడేది. అంతే, వాళ్ళే ఒకటి మూసేసేవాళ్ళు.

ఆ చిప్పల్లో ఒక రకం చిటికెన వేలి గోరంత ఉంటుంది. బోర్లిస్తే అచ్చం చిన్న టోపీ. పుస్తకాల్లో లింపెట్ అంటారు, మేం టోపీ చిప్ప అంటాం. సముద్రం ఒడ్డున రాళ్ళకి అతుక్కుని బతుకుతుంది. అలలు తగ్గినప్పుడు మేతకి వెళ్ళి, మళ్ళీ బయల్దేరిన చోటికే వచ్చి కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చునేసరికి దాని అంచుకి తగ్గట్టు రాయి అరిగి గుంట పడుతుంది. ఒకదాని గుంటలో ఇంకోటి ఇమడదు. ఇవన్నీ నాకు చెప్పింది పొడుగుపిల్ల.

పొడుగుపిల్ల అంటే మా దగ్గరికి పరిశోధనకి వచ్చిన అమ్మాయి. నాలుగేళ్ళు ఆ మెట్ల కిందే గడిపింది. బీరువాల మీద సామాను దించాలంటే స్టూలు అక్కర్లేదని వదిన మురిసిపోయేది. ఆ పిల్ల వదినని ‘పిన్నీ’ అనేది, వదిన దాన్ని ‘తల్లీ’ అనేది. పిల్లల్లేని మనిషి. మధ్యాహ్నం ఆ పిల్ల తినకపోతే ఈవిడకీ ముద్ద దిగేది కాదు. మేం ముగ్గురం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకునేవాళ్ళం.

“జాతి అంటే మనిషి పేరు అనుకోండి అత్తా,” అని నాకు పాఠం చెప్పేది. “దాని పైన ప్రజాతి. అది ఇంటిపేరు. ఈ టోపీ చిప్పల్లో వీపు మీద గీతలున్నవి కొన్ని, నున్నగా ఉన్నవి కొన్ని. రెండిటికీ ఇంటిపేరు ఒకటేనా, వేరా అన్నది అరవై ఏళ్ళుగా ఎవరూ తేల్చలేదు. అసలైతే నాలుక మీద పళ్ళు చూసి తేలుస్తారు.”

“నాలుక మీద పళ్ళా!” అన్నాను.

“మా గంటకీ ఉన్నాయి తల్లీ, కావాలంటే చూడు,” అంది వదిన.

మా దగ్గరున్న వాటికి నాలుకా లేదు, మాంసమూ లేదు, ఉత్త చిప్పలే. అరవై ఏళ్ళ కిందట ఎవరో ఏరి ఇచ్చిపోయిన రెండు ట్రేలు. ఒకటి తీరం మీద రాళ్ళ నుంచి, ముప్ఫై ఒకటి. రెండోది దీవి నుంచి, ఇరవై నాలుగు. ఇప్పుడా తీరం మీద ఓడరేవు గోడ కట్టేశారు, దీవిని రాయి కోసం తవ్వేశారు. మళ్ళీ వెళ్ళి ఏరుకునే దారి లేదు. పొడుగుపిల్ల పరిశోధనంతా ఆ యాభై అయిదు చిప్పల మీదే నిలబడింది.

ఒక సోమవారం మధ్యాహ్నం అట్ట వేయించిన లావుపాటి పుస్తకం పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చింది. గురువారం పది గంటలకి పెద్దవాళ్ళ ముందు నిలబడి ప్రశ్నలకి జవాబు చెప్పాలి. అది గట్టెక్కితే పట్టా వస్తుంది, దానితో పాటు ఉద్యోగం. ముందు మొదటి పేజీ విప్పి వదిన ముందు పెట్టింది. కళ్ళజోడు నేను పెట్టుకుని పైకి చదివాను. “చిప్పల గది పిన్నికి. ఆమె చేతిలో ఒక్క చిప్ప కూడా దారి తప్పలేదు.”

వదిన నవ్వింది. ఆ పిల్ల ఆగుతుందా, అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. “తీరంలో దొరికినవన్నీ గీతలవే పిన్నీ. నున్నటిది ఒక్కటి కూడా లేదు. దీవిలోవి నున్నటివి. రెండూ ఎక్కడా కలిసి బతకలేదు. అంటే ఇళ్ళు వేరు, ఇంటిపేర్లు వేరు. కొత్త ప్రజాతి! దీవి ట్రేలో రెండు మాత్రం సన్నటి గీతలతో ఉన్నాయి, చూడండి. గీతలు చెరిగిపోతున్న దశ అన్నమాట. వాటి మీదే ఒక అధ్యాయం రాశాను. ఈ రెండే నా ప్రాణం.”

వదిన చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కాసేపటికి డబ్బా మూసేసి, చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళిపోయింది. పొడుగుపిల్ల నా వైపు చూసింది. “సంతోషంలే,” అన్నాను. నాకేం తెలుసు!

సాయంత్రం ఇంటికి వచ్చాక వదిన వంటింటి గట్టు పట్టుకుని నిలబడి చెప్పింది.

“ఆ రెండూ నేనే పెట్టానే.”

“ఏ రెండు?”

పదకొండేళ్ళ కిందట పాత చెక్క బీరువాలు తీసేసి స్టీలువి తెచ్చారు. చెక్కలోంచి వచ్చే ఘాటు చిప్పల్ని తినేస్తుంది, వాటి మీద తెల్లటి పొడి లేస్తుంది. సొరుగు సొరుగూ కడిగి మార్చాలి, పై వాళ్ళు తొందరపెడుతున్నారు. ఆ ఒక్క రోజూ వదిన రెండు ట్రేలు తెరిచింది. రెండు జల్లెడల్లో కడిగి, బ్లాటింగ్ కాగితం మీద పక్కపక్కన ఆరబెట్టింది. అప్పుడే ఫోను మోగింది. అన్నయ్యకి గుండెనొప్పి, ఉన్నపళంగా రమ్మని. ఆ ఫోను చేసింది నేనే. తను లేచిన విసురుకి కాగితాలు జారి చిప్పలన్నీ బల్ల మీద ఒకే కుప్పగా పడ్డాయట. అలాగే వదిలేసి వచ్చింది. ఆ సాయంత్రం అన్నయ్య పోయాడు.

పదిహేను రోజుల తర్వాత వెళ్ళేసరికి ఆ కుప్ప అలాగే ఉంది. మనిషి ఒంటి మీద తెలివితో లేదు. పప్పులు ఏరినట్టు ఏరింది. గీతలున్నవి ఒక వైపు, నున్నటివి ఒక వైపు. ముప్ఫై మూడు, ఇరవై రెండు వచ్చాయి. చీటీల మీద ముప్ఫై ఒకటి, ఇరవై నాలుగు. గీతలు సరిగ్గా కనపడని రెండింటిని తీసి నున్నటి వాటిలో వేసింది. లెక్క సరిపోయింది. మూసేసింది.

“అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆ పిల్ల కొలతలు తీసుకుంటోంది కదా, కొలతకేం అనుకున్నాను. ఎక్కడివన్న దాని మీద కడుతోందని నాకు తెలీదే గంటా.”

“ఇప్పుడు మాత్రం ఎవరడిగారు? ఎవరికి తెలుసు? నీకు, నాకు. నేను చెప్పను.”

“నాకు తెలుసుగా.”

“తెలిస్తే దిగమింగు! గురువారం దాటనీ. నాలుగేళ్ళు ఆ పిల్ల కళ్ళు కాయలు కాచేలా చూసింది, నీ మాటతో మంట్లో కలుపుతావా? నీకు రెండు నెలల్లో రిటైర్మెంట్. కోరి కొరివితో తల గోక్కుంటావా?” ఇంకా చాలా అన్నాను. నా గొంతు పక్కింటి దాకా వెళ్ళి ఉంటుంది. ఆవిడ గట్టు తుడుస్తూ నిలబడింది, తుడిచిందే తుడుస్తూ. నాకు ఒళ్ళు మండింది, భయం కూడా వేసింది. ఆ నిదానం నాకు తెలుసు.

మంగళవారం పొద్దున రిజిస్టరు తీసి చూసిందట. రెండు ట్రేల పద్దుల పక్కనా చిన్న అక్షరాలతో ‘రాతి ముక్క, ఒకటి’ అని ఉంది. చిప్పలు ఏరిన మనిషి వాటితో పాటు రాయి కూడా చెక్కి తెచ్చాడన్నమాట. మా మ్యూజియంలో రాయి కనబడితే రాళ్ళ విభాగానికి పంపేస్తారు, రాళ్ళవాళ్ళకి చిప్పలతో పనిలేదు. అరవై ఏళ్ళుగా ఆ రెండూ కింద గోదాములో దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాయి. వదిన తీరం రాయి వెతికి పైకి తెచ్చింది. దీవి రాయి దొరకలేదు. భోజనాల వేళ నన్ను పిలిచి తలుపు వేసింది.

అరచేతంత రాయి. దాని మీద నాలుగు గుంటలు, ఒక్కోటి గోరంత. దీపం దగ్గరికి లాగి, దీవి ట్రేలోంచి నున్నటి చిప్ప ఒకటి సన్న పట్టకారుతో తీసి, మొదటి గుంటలో పెట్టి మెల్లగా తిప్పింది. ఊగింది. ఇంకోటి, అదీ ఊగింది. నేను ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టాను. “చూశావా, నీదంతా అనుమానమే,” అన్నాను. ఆవిడ ఇంకోటి తీసింది. పదకొండో చిప్ప పెట్టి కాస్త తిప్పేసరికి లోపలికి దిగింది. వేలితో తడిమితే అంచు తెలియలేదు.

నున్నటి చిప్ప, తీరం రాతి మీద. దీవి ట్రే మూసి తీరం ట్రే తీశాక, పక్క గుంటలో గీతల చిప్ప ఒకటి అంతే చక్కగా కూర్చుంది. రెండింటి మధ్యా వేలెడు దూరం లేదు. కలిసి బతికాయి. ఇల్లు ఒకటే.

“రేపు ఆ పిల్ల వస్తుంది. రాగానే చెబుతాను,” అంది వదిన.

ఇప్పుడు నేను చేసింది చెప్పాలి. బుధవారం ఆవిడ కన్నా ముందు వెళ్ళాను. గది తాళం రెండోది గంట తాళంతో పాటు నా గుత్తిలోనే ఉంటుంది. రాయిని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి టికెట్ల సొరుగులో, టికెట్ల కట్టల కింద పెట్టాను. రాయి లేకపోతే రుజువు లేదు, రుజువు లేకపోతే ఈవిడ నోరు విప్పదు, గురువారం గడిచిపోతుంది. పాము చావాలి, కర్ర విరగకూడదు. అలా అనుకున్నాను.

తొమ్మిదిన్నరకి కిటికీ ముందు మనుషులు వరస కట్టారు. బడిపిల్లలు, టీచర్లు. టికెట్లు చింపుతూ తలెత్తి చూస్తే వరసలో వదిన. సిబ్బంది మనిషి, పక్క తలుపులోంచి రావచ్చు. రాలేదు. ఒక్కొక్కరూ కదులుతుంటే తనూ ఒక్కో అడుగు ముందుకి వస్తోంది. నా చేతులకి చెమట పట్టి టికెట్లు అంటుకుపోతున్నాయి. ఒక టీచరమ్మకి నాలుగు టికెట్లు ఎక్కువిచ్చాను. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చున్నాను. నా జన్మలో మొదటిసారి.

ఆవిడ వంతు వచ్చింది.

“రాయి ఏదే?”

“ఏ రాయి?”

వెనక పిల్లలు తోసుకుంటున్నారు. ఆవిడ నన్నే చూసింది. కోపంగా చూసినా బాగుండేది.

“సరేలే. రాయి లేకపోతేనేం, నోరుందిగా. ఆ పిల్ల వచ్చింది. వెళ్తున్నాను.”

వెళ్ళిపోయింది. నేను ఇంకో ఇద్దరికి టికెట్లిచ్చాను. మూడో మనిషికి ఇవ్వబోయి ఆగిపోయాను. రుజువు లేకుండా వెళ్తే ఆ పిల్ల ఏమనుకుంటుంది? ముసలావిడకి మతి పోయిందనుకుంటుంది. లేదా అసూయ అనుకుంటుంది. వదిన నోట అబద్ధం ఉందని ఎవరైనా అనుకోవడం నేను భరించలేను, అది నా వల్ల అయితే అసలు భరించలేను. కిటికీ రెక్క దించేసి, రాయి పట్టుకుని పరుగెత్తాను. వెనక జనం గోల.

మెట్లు దిగుతుండగానే పొడుగుపిల్ల గొంతు వినిపించింది. అంత గొంతు దానికుందని అప్పటిదాకా తెలీదు.

“నాలుగేళ్ళు పిన్నీ! నాలుగేళ్ళు నా పక్కనే కూర్చున్నారు! రేపు పది గంటలకి నేను నిలబడాలి, ఇప్పుడా చెప్పేది?”

“ఇప్పుడే తెలిసింది తల్లీ.”

“మీకు తెలుసు! పదకొండేళ్ళుగా తెలుసు! ఆ రెండు చిప్పల మీద నేనొక అధ్యాయం రాశాను. మీరు లెక్క సరిపెట్టడానికి వేసిన చిప్పల మీద!”

నేను రాయి బల్ల మీద పెట్టాను. వదిన నా చేతిరుమాలు చూసింది. పొడుగుపిల్ల రాయిని చూసి, “ఇదెక్కడిది? ఇప్పటిదాకా ఎక్కడుంది?” అంది.

“నేనే గంటకిచ్చి దాచమన్నాను,” అంది వదిన. “ఇక్కడైతే ఎవరి చెయ్యైనా తగులుతుందని.”

నోరు తెరిచాను. వదిన నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళలో నా నోరు మూయించింది ఆ ఒక్కసారే.

పొడుగుపిల్ల కూర్చుంది. దీవి ట్రే లాక్కుని, తన ప్రాణమన్న రెండింటిలో ఒకదాన్ని పట్టకారుతో తీసింది. మూడో గుంట మీదికి తెచ్చింది. చిప్ప జారి బల్ల మీద పడింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పడింది. మూడోసారి పట్టకారు బల్ల మీద పెట్టేసి, మొహం అటు తిప్పుకుంది.

“మీరే పెట్టండి పిన్నీ. నా వల్ల కాదు.”

వదిన పెట్టింది. మెల్లగా తిప్పింది. దిగింది.

ఆ పిల్ల లేచి, లావుపాటి పుస్తకం చంకలో పెట్టుకుని, మా ఇద్దరిలో ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది.

గురువారం పది గంటలకి పెద్దవాళ్ళ ముందు నిలబడి, ఒక్క ప్రశ్నా అడగకముందే తనే చెప్పిందట. రెండు ట్రేలూ కలిసిపోయాయి, కొత్త ప్రజాతి నిలబడదు, రుజువు చిప్పల గదిలో ఉన్న రాయి అని. పట్టా ఇవ్వలేదు, తప్పూ పట్టలేదు. ఇంకో రెండేళ్ళు గడువిచ్చారు. ఉద్యోగం మాత్రం వేరేవాళ్ళకి పోయింది. టోపీ చిప్పలకి పాత ఇంటిపేరే ఉండిపోయింది.

మ్యూజియంలో విచారణ జరిగింది. చిప్పలు కలిసిపోయిన సంగతిని మా అధికారి అంత పట్టించుకోలేదు, పాత ట్రేలలో ఇవి మామూలే అన్నాడు. ఆయన పట్టుకున్నది రాయిని. మ్యూజియం వస్తువు రిజిస్టర్లో రాయకుండా గది దాటింది, టికెట్ల సొరుగులోంచి నేను తీసి పరుగెత్తడం జనం చూశారు. అది చిన్న నేరం కాదు. ఎవరు తీశారని అడిగితే వదిన, నేనే తీసి దాచమన్నాను అంది. నేను తలుపు బయట నిలబడి విన్నాను. లోపలికి వెళ్ళి చెప్పాలి. నా ఉద్యోగం గుర్తొచ్చింది. ఊరందరినీ ఉతికి ఆరేసే నోరు ఆ గుమ్మం దగ్గర పెగల్లేదు, అది రాయడానికి కూడా ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆవిడ దగ్గర తాళాలు తీసేసుకున్నారు. చివరి రెండు నెలలూ పార్సిళ్ళ గదిలో కూర్చుని అట్టపెట్టెలకి తాడు కట్టింది. వెళ్ళిపోయే రోజున టీ ఇచ్చారు, నాలుగు మాటలు చెప్పారు. పొడుగుపిల్ల రాలేదు. తిట్టుకోబోయాను, ఏ మొహం పెట్టుకుని తిట్టను?

అయిదింటికి ముందు వదిన అధికారిని ఒకటే అడిగింది, పావుగంట చిప్పల గదిలోకి వెళ్ళనివ్వమని. నన్ను కాపలాగా పంపారు. ఆవిడ సొరుగు లాగి, రెండు ట్రేలూ బల్ల మీద పెట్టింది. తెలిసి రెండు తెరవడం అది రెండోసారి. రెండు చీటీలు కోసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రెండింటి మీదా ఒకటే రాసింది. “ఈ రెండు ట్రేలలోని చిప్పలు కడిగేటప్పుడు నా చేతిలో కలిసిపోయాయి. ఒకేలా ఉన్నవాటిని ఒకచోట చేర్చి లెక్క సరిపెట్టాను. రెండింటి రాతి ముక్కలూ గోదాములో ఉండాలి. దీవిది నాకు దొరకలేదు, వెతకండి.” కింద తేదీ వేసి, పూర్తి పేరు రాసి, సంతకం పెట్టింది.

ముప్ఫై ఒక్కేళ్ళలో వేల చీటీలు రాసింది. అన్నీ ఏరిన వాళ్ళ పేర్లు, పేరు పెట్టిన వాళ్ళ పేర్లు. ఆ గదిలో ఆవిడ పేరున్న చీటీలు ఆ రెండే.

నాకు ఏడుపొచ్చింది. “కలం ఇలా ఇవ్వు వదినా. రాయి సంగతి నేను రాస్తాను. నా సంతకమూ పెడతాను.”

కలం మూత బిగించి చేతిసంచిలో వేసుకుంది. “చీటీ చిన్నది గంటా. ఇద్దరి పేర్లు పట్టవు. వెళ్ళు, టైమైంది, గంట కొట్టు.”

వెళ్ళి కొట్టాను.

చీటీలో పట్టలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఆ బుధవారం పొద్దున రాయి తీసింది ఆవిడ కాదు. నేను.